బస్తీ గుమ్మంలో కూర్చున్న శాస్త్రవేత్త - వాల్డెమార్ హాఫ్కిన్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడాదీ ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, భాగ్యరెడ్డి వర్మల గురించి సీనియర్ అన్నలు రాసినవి చదువుతూనే నేను ఈ హాస్టల్‌లో పెరిగాను. ఈసారి ఆ అవకాశం నాకు వచ్చింది. నేను ఎంచుకున్న మనిషి మన రాష్ట్రం వాడు కాదు, మన దేశం వాడు కూడా కాదు. అయినా ఆయన మనకు ఎందుకు దగ్గరివాడో చెప్పడానికి ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా నాయన హమాలీ పని చేస్తాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేనే. రెండేళ్ళ క్రితం తెల్లవారుజామున పనికి వెళ్తుంటే నాయనను కుక్క కరిచింది. దగ్గరలోని దవాఖానాకు పోతే మందు లేదన్నారు. బయట డబ్బులు పెట్టి ఒక ఇంజెక్షన్, మూడు రోజులకు ఇంకొకటి వేయించుకున్నాడు. తర్వాత మానేశాడు. పుండు మానింది కదా, ఒక రోజు కూలి పోగొట్టుకుని, పైగా మందుకు డబ్బులు పెట్టడం దేనికి అనుకున్నాడు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి నాకు తెలిసింది. నేను చదువుతున్నది మైక్రోబయాలజీ. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యమని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు పొద్దున మొదటి బస్సుకే నాయనను హైదరాబాద్ తీసుకువచ్చాను. ఇక్కడి ప్రభుత్వ దవాఖానాలో ఒక్క పైసా తీసుకోకుండా మిగిలిన డోసులు ఇచ్చారు.

ఆ వరుసలో మాతో పాటు ఆటో నడిపేవాళ్ళు, మేస్త్రీలు, ఇళ్ళలో పని చేసే అమ్మలు ఉన్నారు. అందరూ పెద్దవాళ్ళే. టీకా అంటే చిన్నపిల్లలకే అనుకుంటాం. కానీ సంపాదించి ఇల్లు నడిపే మనిషికి కూడా అది కావాలి. మన దేశంలో కూలివాడి దగ్గరకు టీకాను మొదట తీసుకువెళ్ళింది ఎవరు అని అప్పుడు నాకు ప్రశ్న పుట్టింది. అంతకు చాలా ముందే మశూచికి టీకాలు వేసేవారు ఉన్నారు. కానీ ప్రయోగశాలలో తయారైన కొత్త టీకాను పట్టుకుని, పనికి పోయే మనిషి గుమ్మం ముందుకు నడిచివెళ్ళిన శాస్త్రవేత్త కోసం వెతికితే ఒక పేరు దొరికింది. ఆయనే వాల్డెమార్ హాఫ్కిన్.

చదువుంది, ఉద్యోగం లేదు

హాఫ్కిన్ 1860 మార్చి 15న నాటి రష్యా సామ్రాజ్యంలో, నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఒడెస్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివారు. అక్కడ ఆయన గురువు ఇల్యా మెచ్నికోవ్. మన శరీరంలోని తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను మింగివేస్తాయని కనుగొని, తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన గొప్ప శాస్త్రవేత్త ఈయనే.

ఆ రోజుల్లో రష్యాలో యూదుల మీద మూకదాడులు జరిగేవి. 1881లో ఒడెస్సాలో అల్లరిమూకలు యూదుల ఇళ్ళ మీద పడినప్పుడు, తమవారిని కాపాడుకోవడానికి ఏర్పడిన యువకుల దళంలో హాఫ్కిన్ కూడా ఉన్నారు. ఆ ఘర్షణలో గాయపడ్డారు, అరెస్టయ్యారు. మెచ్నికోవ్ పూనుకుని ఆయనను విడిపించారు.

చదువు పూర్తయింది. తెలివిలో ఎవరికీ తీసిపోరు. అయినా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి రాలేదు. మతం మార్చుకుంటే ఇస్తామన్నారు. హాఫ్కిన్ ఒప్పుకోలేదు. ఒడెస్సాలోని మ్యూజియంలో చిన్న ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్ళు గడిపారు. పుట్టుక చూసి తలుపు మూసివేయడం మన ఊళ్ళకే పరిమితం కాదని ఇది చదివినప్పుడు నాకు తెలిసింది.

1888లో ఆయన దేశం వదిలి స్విట్జర్లాండ్‌లోని జెనీవాకు వెళ్ళారు. మరుసటి ఏడాది పారిస్ చేరారు. అప్పటికి మెచ్నికోవ్ అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పని చేస్తున్నారు. శిష్యుడికి ఇప్పించడానికి ఖాళీగా ఉన్నది ఒక్కటే ఉద్యోగం - లైబ్రరీలో సహాయకుడి పని. హాఫ్కిన్ దానికి నామోషీ పడలేదు. పగలు పుస్తకాలు సర్దారు, మిగిలిన వేళల్లో ప్రయోగశాలలో కూర్చున్నారు.

తన ఒంటికే మొదటి సూది

ఆయన పట్టుకున్న సమస్య కలరా. మన తెలంగాణ పల్లెల్లో ముసలివాళ్ళు ఇప్పటికీ గత్తర అని పిలిచే రోగం ఇదే. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి ప్రాణం విడిచేవాడు. దీనికి కారణమైన సూక్ష్మజీవిని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో నిర్ధారించారు. శత్రువు ఎవరో తెలిసింది కానీ ఆపే దారి తెలియలేదు. 1885లో స్పెయిన్‌లో ఫెర్రాన్ అనే వైద్యుడు కలరాకు టీకా వేశారు గానీ శాస్త్ర ప్రపంచం దానిని నమ్మలేదు.

హాఫ్కిన్ కలరా సూక్ష్మజీవులను గినియా పందుల కడుపులోకి ఒకదాని తర్వాత ఒకదానికి 39 సార్లు ఎక్కించి, వాటి బలం ఎన్నో రెట్లు పెంచారు. వేడి గాలితో బలహీనపరచిన సూక్ష్మజీవులను ముందు సూదిగా, బలమైన వాటిని తర్వాతి సూదిగా ఇస్తే జంతువులు కలరాను తట్టుకున్నాయి. మరి మనిషి? 1892 జులై 18న హాఫ్కిన్ ఆ మందును తన ఒంటికే ఎక్కించుకున్నారు. జ్వరం వచ్చింది, సూది గుచ్చిన చోట నొప్పి పెట్టింది, తగ్గిపోయింది. తర్వాత ముగ్గురు రష్యన్ మిత్రులు ముందుకు వచ్చి వేయించుకున్నారు.

ఇంత చేసినా పారిస్‌లో పెద్దలు పెద్దగా పట్టించుకోలేదు. ఆయన వైద్యుడు కాదు, జంతుశాస్త్రం చదివినవాడు. టీకా నిజంగా పని చేస్తుందో లేదో తేలాలంటే కలరా ఏటేటా వచ్చే చోటికి వెళ్ళాలి. అంతకుముందు భారతదేశంలో వైస్రాయ్‌గా పని చేసి, అప్పుడు పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న లార్డ్ డఫరిన్ సహకరించారు. 1893లో హాఫ్కిన్ కలకత్తాలో అడుగుపెట్టారు. అప్పుడు ఆయనకు 33 ఏళ్ళు.

కలకత్తా బస్తీలలో

మొదటి ఏడాది ఉత్తర భారతంలోని పట్టణాల్లో, సైనిక శిబిరాల్లో తిరిగి వేలమందికి టీకా వేశారు. వేసుకున్నవారు ఒక చోట ఉండక చెదిరిపోయేవారు. కాబట్టి ఫలితం లెక్క కట్టడం కష్టమైంది. 1894లో కలకత్తా ఆరోగ్య అధికారి సింప్సన్ ఆయనను నగరంలోని బస్తీలకు పిలిచారు. మట్టి గోడల గుడిసెలు, అందరికీ ఒకే చెరువు. తాగడానికి, స్నానానికి, బట్టలు ఉతకడానికి అదే నీరు. కలరా ఎవరి ఇంటి తలుపు ముందు తడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

1894 మార్చి నెలాఖరులో కట్టల్ బగాన్ అనే బస్తీలో కలరా కనిపించింది. సుమారు 200 మంది ఉన్న ఆ బస్తీలో 116 మంది టీకా వేయించుకున్నారు. ఆ తర్వాత అక్కడ 10 మందికి కలరా సోకింది, ఏడుగురు చనిపోయారు. ఆ పదిమందీ టీకా వేసుకోనివారే. ఒకే చెరువు నీళ్ళు తాగుతూ, ఒకే సందులో ఉంటూ, వేసుకున్నవారు ఒకవైపు, వేసుకోనివారు ఒకవైపు. ఈ లెక్క చూసిన తర్వాత కలకత్తా నగరపాలక సంస్థ ప్రజల సొమ్ముతో ఈ పనిని పెంచడానికి సిద్ధపడింది.

ఇక్కడ ఒక విషయం మనం ఆగి గమనించాలి. బస్తీ జనం మొదట్లో ఆయనను నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? తెల్లవాడు, చేతిలో సూది, మాట్లాడే భాష తెలియదు. రాళ్ళు వేసిన సందర్భం కూడా ఉంది. హాఫ్కిన్ పోలీసులను పిలవలేదు. తన వెంట భారతీయ వైద్యులను పెట్టుకున్నారు. అందరి ఎదుట ముందు తానే సూది పొడిపించుకునేవారు. కూలీలు పనికి వెళ్ళకముందు తెల్లవారుజామునే బస్తీకి చేరేవారు. పగలంతా వాళ్ళు ఉండరు కాబట్టి సాయంత్రం మళ్ళీ వచ్చి, నూనె దీపం పెట్టుకుని, గుడిసె ముందు కూర్చుని, వరుసలో వచ్చినవారికి టీకా వేసేవారు.

కూలిపని చేసేవాడికి ఆరోగ్యం మీద శ్రద్ధ లేదని చదువుకున్నవారు సులువుగా అంటారు. దవాఖానా తెరిచి ఉండే వేళ, పని జరిగే వేళ ఒకటే కావడం వాళ్ళకు కనబడదు. నూట ముప్ఫై ఏళ్ళ కిందట హాఫ్కిన్ దానిని చూశారు. మా నాయన మూడో సూది ఎందుకు మానేశాడో ఆయనకైతే వివరించి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

1895 నడిమి నాటికి ఆయన బృందం 42 వేల మందికి పైగా టీకా వేసింది. ఆ తిరుగుడులో మలేరియా సోకి, ఆరోగ్యం చెడి ఆయన ఇంగ్లాండు వెళ్ళాల్సి వచ్చింది. కొంచెం కోలుకోగానే మళ్ళీ తిరిగి వచ్చి అస్సాం తేయాకు తోటల కూలీల మధ్య పని మొదలుపెట్టారు.

బొంబాయిలో ప్లేగు

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. ఎలుకలు రాలేవి, తర్వాత మనుషులు రాలేవారు. చంకల్లో, గజ్జల్లో గడ్డలు, తీవ్రమైన జ్వరం, కొద్ది రోజుల్లో చావు. లక్షలమంది నగరం విడిచి పారిపోయారు. ప్రభుత్వం అక్టోబరులో హాఫ్కిన్‌ను పిలిపించింది. ఆయనకు ఇచ్చినది గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. ఇంతే. వాటితోనే ప్రపంచంలో మొదటి ప్లేగు టీకా తయారైంది.

ఆయన పద్ధతి మన వంటింటికి దగ్గరగా ఉంటుంది. మాంసం రసంలో నెయ్యి చుక్కలు తేలేలా వేసి, ఆ చుక్కల కింద ప్లేగు సూక్ష్మజీవులను వేలాడే ఊడల్లా పెంచారు. హిందువులకు గానీ ముస్లింలకు గానీ అభ్యంతరం రాకూడదని మేక మాంసం వాడారు. పెరిగిన సూక్ష్మజీవులను వేడి చేసి చంపి, కార్బాలిక్ ఆమ్లం కలిపి సీసాల్లో నింపారు. చచ్చిన సూక్ష్మజీవులను చూసి శరీరం ముందే యుద్ధం నేర్చుకుంటుంది. మూడు నెలలు రాత్రింబవళ్ళు పని చేశాక, 1897 జనవరి 10న ఎప్పటిలాగే మొదటి సూది తనకే. తర్వాత జనానికి ఇచ్చిన మోతాదు కంటే మూడు రెట్లకు మించి, 10 మిల్లీలీటర్లు ఎక్కించుకున్నారు. తీవ్రమైన జ్వరంతో వణికినా మళ్ళీ పనిలో కూర్చున్నారు.

అదే నెలలో బైకుల్లా జైలులో ప్లేగు పుట్టింది. సుమారు 150 మంది ఖైదీలు టీకాకు ముందుకు వచ్చారు, అంతకంటే కొంచెం ఎక్కువ మంది వేసుకోలేదు. వేసుకోనివారిలో 12 మందికి ప్లేగు వచ్చి ఆరుగురు చనిపోయారు. వేసుకున్నవారిలో ఇద్దరికి వచ్చింది, ఎవరూ చనిపోలేదు.

జైలులో ఉన్న మనిషి నిజంగా ఇష్టపడి చేయి చాపుతాడా, కాదనగలిగే స్థితి అతనికి ఉంటుందా అని మనం అడగాలి. తోట యజమాని చేతి కింద ఉన్న తేయాకు కూలీ సంగతీ అంతే. కొత్త మందులను పేదవారి మీద పరీక్షించడం ఆనాడూ ఉంది, తర్వాతా ఉంది. మహనీయుని జీవితం రాస్తున్నామని ఈ ప్రశ్నను దాచకూడదు. అయితే తన మీద పరీక్షించుకోనిది హాఫ్కిన్ ఇంకొకరికి ఇవ్వలేదు. బలవంతంగా సూది వేయడానికి ఆయన ఎప్పుడూ వ్యతిరేకమే.

ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. 1897లో ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. సైనికులు ఇళ్ళలోకి చొరబడి, ఆడవారిని కూడా వీధిలో పరీక్షించి, సామాన్లు తగలబెట్టేవారు. పూనాలో ఈ అత్యాచారాలకు కోపించి చాపేకర్ సోదరులు ప్లేగు కమిషనర్ రాండ్‌ను కాల్చి చంపారు. అటువంటి సమయంలో జనాన్ని తరమకుండా, నచ్చజెప్పి టీకా వేసే దారి హాఫ్కిన్ చూపించారు. ఆగాఖాన్ తన భవనాన్ని ప్రయోగశాలకు ఇచ్చి, అందరి ఎదుట తాను టీకా వేయించుకుని, తన ఖోజా సమాజం వారితో వేలాదిగా వేయించారు. 1899లో ప్రయోగశాల బొంబాయిలోని పరేల్‌లో ఉన్న పాత గవర్నరు భవనానికి మారింది.

ముల్కోవాల్ నింద

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ అనే గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేశారు. వారిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆ 19 మందికీ ఒకే సీసాలోని మందు ఇచ్చారు. మిగిలిన సీసాల మందు వేసుకున్నవారికి ఏమీ కాలేదు.

విచారణ సంఘం వేశారు. తయారీ పద్ధతిలో హాఫ్కిన్ చేసిన మార్పు వల్ల మందు బొంబాయిలోనే కలుషితమైందని తేల్చారు. ఆయనను పదవి నుంచి తప్పించారు. ఎంత చెప్పుకున్నా వినలేదు. ఆయన లండన్ వెళ్ళిపోయి, కాగితాలు తిరగేసుకుంటూ ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. అసలు జరిగింది వేరు. ఆ రోజు గ్రామంలో సీసా మూత తీస్తున్నప్పుడు సహాయకుడి చేతిలోని పట్టకారు నేల మీద పడింది. దానిని సరిగా శుద్ధి చేయకుండానే మళ్ళీ వాడారు. ధనుర్వాతం సూక్ష్మజీవి మట్టిలో ఉంటుందని మనకు తెలుసు. సీసా బొంబాయిలోనే చెడి ఉంటే, తెరిచేటప్పుడు దుర్వాసన రావాలి. అలాంటిదేమీ లేదని సీసా తెరిచినవారే చెప్పారు.

చనిపోయిన 19 మంది కూడా మనవంటి ఇళ్ళ మనుషులే. వారి కుటుంబాలకు ఏ విచారణ అయినా ఏమి తిరిగి ఇస్తుంది? కాబట్టి ఈ కథలో నిర్దోషి శాస్త్రవేత్తతో పాటు వారినీ గుర్తుంచుకోవాలి. ఎంత మంచి టీకా అయినా, ఊరి చివర దానిని గుచ్చే చేతికి శిక్షణ, శుభ్రమైన పరికరం లేకపోతే ప్రాణం తీస్తుంది. పేదవారికి వేసేదే కదా అని అక్కడ అలక్ష్యం చేస్తే చాలు.

హైదరాబాద్‌తో బంధం

హాఫ్కిన్‌కు అండగా నిలిచిన మనిషికి మన నగరంతో విడదీయలేని సంబంధం ఉంది. ఆయన సర్ రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది ఆయనే. హాఫ్కిన్ బొంబాయిలో ప్లేగుతో పోరాడుతున్న అదే ఏడాది ఇది జరిగింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది హాఫ్కిన్ మీద నింద పడింది.

1907 జులైలో రాస్ మరికొందరు ప్రముఖ శాస్త్రవేత్తలతో కలిసి లండన్‌లోని టైమ్స్ పత్రికకు లేఖ రాశారు. నిర్దోషిని శిక్షించారని, ఇలా చేస్తే జనానికి టీకా మీదనే నమ్మకం పోతుందని వాదించారు. పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. ఆ ఏడాది చివరకు హాఫ్కిన్ నిర్దోషి అని ఒప్పుకుని మళ్ళీ ఉద్యోగం ఇచ్చారు. కానీ తాను నిర్మించిన బొంబాయి ప్రయోగశాలను తిరిగి ఇవ్వలేదు. కలకత్తాకు పంపారు. అక్కడ మనుషుల మీద కొత్త టీకాలు పరీక్షించే వీలు లేకుండా చేశారు. యాభై ఏళ్ళు దాటాక పదవీ విరమణ చేసి, ఆయన ఐరోపాకు తిరిగి వెళ్ళారు.

ఇంతలో ప్లేగు మన నగరానికీ వచ్చింది. 1908 మూసీ వరద, 1911 ప్లేగు హైదరాబాద్‌ను కుదిపివేశాయి. ఆ తర్వాతే 1912లో నిజాం ప్రభుత్వం నగర అభివృద్ధి మండలిని ఏర్పాటు చేసి, గాలి వెలుతురు లేని బస్తీల చోట కొత్త ఇళ్ళు, రోడ్లు వేయడం మొదలుపెట్టింది. మన నాంపల్లి పరిసరాల్లో ఆ మండలి చేసిన పని ఉంది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి రోనాల్డ్ రాస్ పేరే పెట్టారు. కుక్క కరిచినవారు, కలరా వచ్చినవారు పరుగెత్తే ఆ ఆస్పత్రి గేటు మీద ఉన్నది హాఫ్కిన్ కోసం గొంతెత్తిన మనిషి పేరు.

చివరి రోజులు

1897 నుంచి 1925 వరకు బొంబాయి ప్రయోగశాల నుంచి 2 కోట్ల 60 లక్షల ప్లేగు టీకా డోసులు వెళ్ళాయి. ఆ టీకా పూర్తి రక్షణ ఇచ్చేది కాదు, జ్వరం, నొప్పి తెచ్చేది, మళ్ళీ వేసుకోవాల్సి వచ్చేది. అయినా చావులను ఎంతో తగ్గించింది. 1925లో ఆ సంస్థకు హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. ఇప్పటికీ ముంబైలోని పరేల్‌లో అది ఉంది.

హాఫ్కిన్ పెళ్ళి చేసుకోలేదు. చివరి రోజులు స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో గడిపారు. కూడబెట్టిన సొమ్మునంతా తూర్పు ఐరోపాలోని పేద యూదు విద్యార్థుల చదువు కోసం ఒక నిధిగా ఏర్పాటు చేశారు. చదువుకుని కూడా ఉద్యోగానికి నోచుకోని ఒకనాటి కుర్రవాడు తన తర్వాతివారిని మరిచిపోలేదు. 1930 అక్టోబరు 26న, 70 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. 1964లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది.

నాంపల్లి నుంచి చూస్తే

ఈ జీవితం చదివి పక్కన పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మన చుట్టూ చూడండి. 1985లో మొదలైన సార్వత్రిక టీకా కార్యక్రమం చిన్నపిల్లలకు, గర్భిణులకు ఎంతో మేలు చేసింది. పెద్దలకు మాత్రం ప్రభుత్వ టీకాలు చాలా తక్కువ. కుక్క కరిస్తే రేబిస్ టీకా ఉంది. హజ్ యాత్రకు వెళ్ళేవారికి మన నాంపల్లి హజ్ హౌస్‌లో మెనింజైటిస్ టీకా శిబిరాలు జరుగుతాయి. ఇలా కొన్ని. హెపటైటిస్ బి, న్యుమోనియా, ఫ్లూ టీకాలు సాధారణంగా కొనుక్కోగలిగిన పెద్దవారికే అందుతాయి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ మన ఇళ్ళలో ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. కానీ ఆ కార్డు రోగం వచ్చి ఆస్పత్రిలో చేరాక పని చేస్తుంది. రోగం రాకుండా వేసే సూదికి పని చేయదు. కార్డు ఉన్నా సగం రక్షణే.

పెద్దలందరికీ ప్రభుత్వమే టీకా వేయడం అసాధ్యమేమీ కాదు. 2021 జూన్ 21 నుంచి పద్దెనిమిదేళ్ళు దాటిన వారందరికీ కోవిడ్ టీకా ఉచితంగా ఇచ్చారు. మా ఊరి బడిలో అమ్మ, నాయన ఒకే వరుసలో నిలబడి వేయించుకున్నారు. అంతకుముందు మే నెలాఖరులో మన నగరంలో ఆటో డ్రైవర్లకు, గ్యాస్ సిలిండర్లు వేసేవారికి, కూరగాయలమ్మేవారికి ప్రత్యేకంగా శిబిరాలు పెట్టారు. తలచుకుంటే చేయగలమని అప్పుడు తేలింది. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. ఆ తలుపులు పనికి పోయేవాడు వచ్చే వేళకు కూడా తెరిచి ఉండి, పెద్దలకు కావలసిన టీకాలు అక్కడ ఉంటే, హాఫ్కిన్ పెట్టిన నూనె దీపం ఆరలేదని అనుకోవచ్చు.

తమ్ముళ్ళూ, మీకు రెండు మాటలు. కుక్క కరిస్తే ముందు పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీటితో కడగాలి. వెంటనే ప్రభుత్వ దవాఖానాకు వెళ్ళాలి. పుండు మానిందని సూదులు మధ్యలో మానకూడదు. ఇది ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పండి. మన ఇళ్ళలో డాక్టరు రాసిన కాగితం చదవగలిగింది మనమే.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీలో డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆఫీసుల్లో పని చేసేవారు ఉన్నారు. నాంపల్లి స్టేషన్ హమాలీలకు, ఇక్కడి ఫుట్‌పాత్ వ్యాపారులకు పొద్దున ఆరు గంటలకు, వాళ్ళు పనిలో దిగకముందే, ఒక టీకా శిబిరం పెట్టమని సంబంధిత అధికారులను మన హాస్టల్ తరఫున అడుగుదాం. అర్జీ నేను రాస్తాను. సంతకాలు, మీ పరిచయాలు కావాలి. శిబిరం రోజున బెంచీలు వేయడానికి, పేర్లు రాయడానికి, వచ్చినవారికి నచ్చజెప్పడానికి మేము ఉన్నాము. ముందు మా చేతులే చాపుతాము.

మా నాయన ఇప్పుడు బాగున్నాడు. రోజూ పనికి పోతున్నాడు.